ఏడు తర్వాత నేనెక్కడున్నాను?

ప్రశ్న: నా వయసు 71. ప్రకాశం జిల్లాలో పొదిలి దగ్గర తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. నెలన్నర కిందట ఒంగోలులో పిత్తాశయంలో రాళ్ళకి ఆపరేషన్ అయింది. మత్తు డాక్టరమ్మ చేతి నరంలోకి పాలలాంటి తెల్లమందు ఎక్కిస్తూ ‘ఒకటి నుంచి లెక్కపెట్టండి మేస్టారూ’ అంది. ఏడు దాకా పెట్టాను. ఎనిమిది అనబోయేసరికి ‘అయిపోయింది, కళ్ళు తెరవండి’ అన్నారు. మధ్యలో రెండున్నర గంటలు గడిచాయట. నిద్రపోయి లేస్తే ఇంతసేపు పడుకున్నానని ఒంటికి తెలుస్తుంది. ఇది అట్లా లేదు. ఆ ముక్కని కత్తెరతో కత్తిరించేసి రెండు కొసలూ అంటించినట్టుంది. నలభై ఏళ్ళుగా రోజూ తెల్లవారుజామున ‘నేను దేహం కాదు, సాక్షిని’ అని మననం చేసేవాణ్ణి. మరి ఆ సాక్షి ఎక్కడికి పోయాడు? ఎంబీబీఎస్ చదివే మా అమ్మాయి కొడుకు ‘మెదడు ఆగితే నువ్వూ ఆగుతావు తాతయ్యా, అంతే’ అని నవ్వుతాడు. మా ఊరికి వచ్చే స్వామివారేమో ‘ఆత్మ మత్తుకి అతీతం, నీకు సాధన చాలలేదు’ అంటారు. ఇద్దరి మాటా గొంతు దిగడం లేదు. ఆపరేషన్ తర్వాత మనుషుల పేర్లు కూడా వెంటనే తట్టడం లేదు. జపానికి కూర్చోబుద్ధి కావడం లేదు. ఏది నిజమో చెప్పగలరా?

జవాబు: మేస్టారికి నమస్కారం.

మీరు చివర్న చెప్పీ చెప్పనట్టు రాసిన ముక్కతో మొదలుపెడతాను. పేర్లు తట్టడం లేదన్నారు. పెద్ద వయసులో పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశాక కొందరికి జ్ఞాపకం, ఏకాగ్రత కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మందగిస్తాయి. ఎక్కువమందికి అదే సర్దుకుంటుంది. అయినా ‘వయసు కదా’ అని వదిలేయకండి. వాడుతున్న మందుల చీటీలన్నీ, నిద్రమాత్ర వేసుకుంటుంటే దానితో సహా, పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి. బి12, థైరాయిడ్, సోడియం పరీక్షలు అవసరమేమో మీరే అడగండి. చెవి సరిగా వినపడకపోయినా పేర్లు మనసులో నిలవవు, అదీ చూపించుకోండి. తెలిసిన దారి తప్పడం, పగలూ రాత్రీ తేడా తెలియకపోవడం, మాట తడబడటం, మూతి వంకర పోవడం, చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్ళాలి. ఈ పని ముందు. సాక్షి ఎక్కడికీ పోడు, ఆయన సంగతి తర్వాత కూడా చూడొచ్చు.

నా సంగతి ఒక్క మాట. నేను నెల్లూరులో ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పినదాన్ని. మా నాన్నగారు సాయంత్రాలు వరండాలో ఉపనిషత్తులు చదివించేవారు. పొద్దున కాలేజీలో కప్ప మెదడు, సాయంత్రం ఇంట్లో మాండూక్యం. మండూకమన్నా కప్పే కదా అని మా తమ్ముడు వెక్కిరించేవాడు. అందువల్ల మీ ఇంట్లో మీకూ మనవడికీ జరుగుతున్న తగువు నా బుర్రలో నాతో నాకే యాభై ఏళ్ళుగా జరుగుతోంది.

ముందు స్వామివారి మాట. మీకు సాధన చాలలేదనడం అన్యాయం. మీకిచ్చిన తెల్లమందు ప్రొపొఫాల్ అయ్యుండాలి. అది నీళ్ళలో సరిగా కరగదు. అందుకని సోయా నూనెలో కలిపి, గుడ్డుసొనలో ఉండే లెసిథిన్ చేర్చి పాలలాగా చేస్తారు. ఆ తెలుపు దాని వల్ల వచ్చిందే. మోతాదు కట్టేటప్పుడు డాక్టరు బరువు చూస్తారు, వయసు చూస్తారు, గుండె చూస్తారు. ఎన్ని కోట్ల జపం చేశారని అడగరు. మెదడులో ఒక కణం ఇంకో కణాన్ని ‘కాస్త ఆగు’ అని అదుపు చేయడానికి గాబా అనే రసాయనాన్ని వాడుతుంది. ఈ మందు ఆ ‘ఆగు’ అనే మాటకి బలం పెంచుతుంది. చేతి నరంలో ఎక్కిన మందు గుండె మీదుగా మెదడుకి చేరి పని మొదలుపెట్టడానికి అర నిమిషం అటూ ఇటూ పడుతుంది. మీరు ఏడు దాకా వచ్చింది ఆ వ్యవధిలోనే.

నిద్రకీ దీనికీ తేడా ఉందని మీరు కనిపెట్టారు చూశారా, అది చాలామంది గమనించని విషయం. మీరు సంస్కృతం వచ్చినవారు కాబట్టి ఒక సూత్రం గుర్తుచేస్తాను. బ్రహ్మసూత్రాల్లో 3వ అధ్యాయం, 2వ పాదం, 10వ సూత్రం: ‘ముగ్ధేఽర్ధసంపత్తిః పరిశేషాత్’. ముగ్ధుడంటే ఇక్కడ మూర్ఛపోయినవాడు. అతణ్ణి ఏ అవస్థ కింద లెక్కవేయాలన్నది చర్చ. మెలకువ కాదు, ఏమీ తెలియడం లేదు. కల కాదు. చావూ కాదు, ఒంట్లో వేడి ఉంది, ప్రాణం ఉంది. పోనీ సుషుప్తి, అంటే గాఢనిద్ర అందామా? ఇక్కడ ఆ సూత్రాలకి భాష్యం రాసిన శంకరులు మంచం పక్కన నిలబడి చూసిన వైద్యుడిలా రాస్తారు. నిద్రపోయేవాడి మొహం ప్రశాంతంగా ఉంటుంది, ఊపిరి ఒక తీరున ఆడుతుంది, కళ్ళు మూసి ఉంటాయి. మూర్ఛపోయినవాడికి చాలాసేపు ఊపిరాడకపోవచ్చు, ఒళ్ళు వణుకుతుంది, కళ్ళు విప్పారి ఉంటాయి. నిద్రపోయేవాణ్ణి చేత్తో తడితే లేస్తాడు, మూర్ఛపోయినవాణ్ణి ముద్గరంతో, అంటే పెద్ద సుత్తితో మోదినా లేవడు. కాబట్టి ఇది నిద్ర కాదు, సగం మాత్రమే దానితో పోలిక ఉన్నది, మరణానికి వాకిలి కూడా కాగలది అని తేలుస్తారు.

అదే మాట ఇప్పటి మత్తు వైద్యులు వాళ్ళ భాషలో అంటారు: పూర్తి మత్తు నిద్ర కాదు, వెనక్కి తీసుకురాగలిగిన కోమా. ‘నిద్రపుచ్చుతాం’ అనేది మనం భయపడకుండా అనే మర్యాద మాట. నిద్రపోయేవాడి పొట్ట మీద కత్తి పెడితే లేచి పరిగెడతాడు కదా. అంటే మీకు జరిగినదాన్ని గురించి మన పాతవాళ్ళు ఆలోచించలేదనుకోకండి. దానికో సూత్రమే ఉంది. మీ స్వామివారు అది చదివి ఉంటే సాధన చాలలేదనేవారు కాదు.

మరి ఆ రెండున్నర గంటలూ మీ మెదడు ఏం చేసింది? ఆగలేదు. మీ మనవడి మాటలో మొదటి తప్పు అక్కడే. గుండెని నడిపే, రక్తపోటుని చూసుకునే భాగాలు పనిచేస్తూనే ఉన్నాయి. ఊపిరికి మాత్రం మిషన్ సాయం పెట్టి ఉంటారు. ఎరుకకి సంబంధించిన పై భాగాల్లో కూడా కరెంటు పోలేదు. తెగిపోయింది ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. ఇటలీకి చెందిన మార్చెల్లో మాస్సిమినీ బృందం చేసిన ప్రయోగాలు ఇక్కడ నాకు చాలా ఇష్టం. తలపై నుంచి అయస్కాంతంతో మెదడుని ఒక్క తట్టు తడతారు, ఆ తట్టు ఎలా పాకుతుందో తల మీద అతికించిన తీగలతో వింటారు. మెలకువలో ఉన్నవాడి మెదడులో ఆ తట్టు ఒకచోటి నుంచి ఇంకోచోటికి, అక్కణ్ణుంచి మరోచోటికి, రకరకాల రూపాల్లో సెకనులో మూడో వంతు దాకా తిరుగుతుంది. గాఢనిద్రలో, ప్రొపొఫాల్ మత్తులో తట్టినచోటే ఒక పెద్ద అల లేచి అక్కడే చస్తుంది. నెల్లూరు పెద్దచెరువులో రాయి వేయడానికీ, బురదలో వేయడానికీ ఉన్నంత తేడా.

మెదడు ఉంటే చాలదు, కణాలు ఎక్కువుంటే చాలదు అనడానికి ఇంకో సాక్ష్యం తల వెనకే ఉంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు. వాటిలో దాదాపు 6,900 కోట్లు వెనక కింద ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. అది బాగా దెబ్బతిన్నవాడికి నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది, కానీ ‘నేను’ అనేది పోదు. మిగిలిన ఐదో వంతు కణాలు అల్లుకున్న తీరులోనే ఏదో ఉంది.

ఇంతవరకు మనవడి వైపే మాట్లాడినట్టుంది కదా. ఇప్పుడు కాస్త ఆగి మీరు ఉత్తరంలో వాడిన ఒక వాక్యం చూద్దాం. సాక్షి ‘ఎక్కడికి పోయాడు’ అన్నారు. పోయాడని మీకెవరు చెప్పారు? ఆ రెండున్నర గంటల గురించి మీ దగ్గరున్న ఆధారం ఒకటే: ఏమీ గుర్తులేదు. గుర్తు లేకపోవడం, తెలియకపోవడం ఒకటేనా? మీరు బడిలో ఉన్నంతకాలం మార్కాపురం పలకలు చూసినవారు. ఖాళీ పలక చూపించి ఎవరైనా ‘ఇక్కడ ఎవరూ ఏమీ రాయలేదు’ అంటే, ‘రాసి తుడిచారేమో, అసలు బలపం ఆనలేదేమో, నీకెట్లా తెలుసు’ అని మీరే అడుగుతారు.

ఇది మాటల గారడీ కాదు. మత్తు వైద్యంలో 1977 నుంచి వాడుతున్న ఒక పద్ధతి ఉంది. ఒళ్ళు కదలకుండా చేసే మందు ఎక్కించే ముందు ఒక చేతికి బిగుతుగా పట్టీ కడతారు, ఆ మందు ఆ చేతికి చేరదు. మనిషి పూర్తి మత్తులో ఉన్నట్టే కనిపిస్తాడు. చెవి దగ్గర ‘వినపడుతుంటే నా చెయ్యి నొక్కండి’ అంటారు. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో గొంతులో గొట్టం వేసిన కాసేపటికి ఇలా అడిగితే 260 మందిలో 12 మంది నొక్కారు. లేచాక అడిగితే ఇలాంటివాళ్ళకి సాధారణంగా ఏదీ గుర్తుండదు. దీనికి కంగారు పడకండి, మీకు అలా జరిగిందని నేననడం లేదు. ఎక్కువమంది నొక్కరు కూడా. పైగా ఆపరేషన్‌కి ముందు కంగారు తగ్గడానికిచ్చే మందుల్లో కొన్నిటికి జ్ఞాపకం రాయకుండా ఆపే గుణముంది. నేను చెప్పేదల్లా మూడు వేరువేరు సంగతుల్ని మీరు ఒకే మూటలో కట్టారని. అప్పుడు తెలియడం ఒకటి. తెలిసింది గుర్తుండటం ఒకటి. తెలిసేది ‘నాకు’ అనిపించడం ఇంకొకటి. మందు వీటిలో ఒకదాన్ని తీసి రెండోదాన్ని వదలగలదు. ఎముక విరిగినప్పుడు ఇచ్చే కెటమిన్ చూడండి, ఒళ్ళు పలకదు, లోపల మాత్రం రంగురంగుల కలలు. ఆ మెదడుని అయస్కాంతంతో తడితే మెలకువలో ఉన్నంత సందడిగా పలుకుతుంది.

పలకనివాళ్ళందరూ లేనివాళ్ళు కాదన్న మాట ఒక ఇంగ్లండ్ అమ్మాయి వల్ల గట్టిపడింది. రోడ్డు ప్రమాదం తర్వాత నెలల తరబడి కళ్ళు తెరిచి ఉన్నా పిలిస్తే పలకని 23 ఏళ్ళ మనిషి. ఏడ్రియన్ ఓవెన్ బృందం ఆమెని స్కానర్లో పెట్టి ‘టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో’ అంది. చెయ్యి కదిలించే పథకాలు వేసే మెదడు భాగం వెలిగింది. ‘మీ ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకో’ అంటే దారులు గుర్తుపెట్టుకునే భాగాలు వెలిగాయి. ఆరోగ్యవంతుల్లో వెలిగినట్టే. ఇది 2006లో అచ్చయింది. 2024లో అనేక ఆస్పత్రులు కలిసి చేసిన పరిశీలనలో, మంచం పక్కన ఏం చెప్పినా చేయని 241 మందిలో 60 మంది ఇలా లోపల్లోపల మాట వింటున్నట్టు మెదడు సంకేతాలు చూపించారు. నలుగురిలో ఒకరు.

మా అత్తగారు ఐసీయూలో నాలుగు రోజులు మత్తులో ఉన్నప్పుడు నాకివేమీ తెలియవు. మంచం పక్కన నిలబడి మా వాళ్ళలో ఇద్దరు గాజులు ఎవరికి, కాసులపేరు ఎవరికి అని గొంతు తగ్గించకుండా మాట్లాడుకున్నారు. నేనూ ఆపలేదు. ఐదోరోజు ఆవిడ కళ్ళు తెరిచి, గొంతు పెగిలాక అన్న మొదటి మాట, ‘నేనింకా ఉండాను గదమ్మే, అప్పుడే పంచుకుంటుండారా?’ ఎంత విన్నదో, ఏది కలగన్నదో తెలియదు. గాజులు మాత్రం తర్వాత పదకొండేళ్ళు ఆవిడ చేతికే ఉన్నాయి.

ఇంతకీ ఎదుటివాడి లోపల వెలుగుందో లేదో మనకి తెలిసేది వాడు చెబితేనో, చెయ్యి నొక్కితేనో. చెప్పలేనివాటి సంగతేమిటి? మా తీరంలో రొయ్య పిల్లల హేచరీలున్నాయి. తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని దాని కంటి కాడ ఒకటి కత్తిరిస్తారు, గుడ్లని ఆపే హార్మోను అందులో తయారవుతుంది కాబట్టి. కత్తిరించినప్పుడు ఆ రొయ్యకి ‘నొప్పి’ ఉందా, ఉత్త గిలగిలేనా? రొయ్యల్నీ పీతల్నీ బాధ తెలిసే జీవులుగా గుర్తిస్తూ బ్రిటన్ 2022లో చట్టం చేసింది. ఈ సంగతి చెబితే మా ఇంటికి రొయ్యలు తెచ్చే అబ్బాయి నవ్వాడు. ‘అట్టయితే నెల్లూరులో ఎవురూ అన్నం తినలేరమ్మా’ అన్నాడు. సరే, దారి మళ్ళాను.

మీ సాక్షి దగ్గరికి వస్తాను. మీరు అడిగిన ప్రశ్న మీద మనవాళ్ళు వందల ఏళ్ళు కొట్లాడుకున్నారు, మత్తు గురించి కాదు, గాఢనిద్ర గురించి. పొద్దున లేచి ‘సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాం. ‘సుఖమహమస్వాప్సం, న కించిదవేదిషమ్’. అద్వైతులు దీన్ని పట్టుకుని, ఏమీ తెలియలేదన్నది గుర్తొచ్చిందంటే ఆ తెలియనితనాన్ని చూసినవాడు ఒకడు అప్పుడు ఉండి తీరాలి, అనుభవించనిది గుర్తురాదు కదా అన్నారు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం పట్టుకున్న తార్కికులు, ఒప్పుకోలేదు. అది జ్ఞాపకం కాదు, లేచాక ఒళ్ళు తేలిగ్గా ఉండటం చూసి కట్టిన అనుమానం, అంటే గుర్తుని బట్టి చేసిన ఊహ అన్నారు. మధ్యాహ్నం లేచి, తడిసిన వాకిలి చూసి వాన పడిందన్నట్టు.

గమనించారా? మీ ఉత్తరంలో ‘నిద్రపోతే ఒంటికి తెలుస్తుంది, ఇది అట్లా లేదు’ అన్న వాక్యం నేరుగా ఆ తగువు మధ్యలోకి వచ్చి కూర్చుంది. మత్తులోంచి లేచిన మీకు ‘సుఖంగా ఉన్నాను’ అన్న ముక్క కూడా లేదు. కాబట్టి అద్వైతుల ఆ ఒక్క వాదం నిద్రలో నిలబడినా ఆపరేషన్ బల్ల మీద నిలబడదు. ఇది ఒప్పుకోవాలి, నేను ఒప్పుకున్నాను. అయితే వాదం పోయినంత మాత్రాన వస్తువు పోదు.

ఇక్కడో ముఖ్యమైన సంగతి. ఆత్మ ఉందనేవాళ్ళందరూ ఆత్మంటే ఎరుక అనలేదు. న్యాయ వైశేషికుల లెక్కలో ఆత్మ ఉంటుంది, ఎరుక దానికి మధ్యలో వచ్చిపోయే గుణం. మనసుతో కూడినప్పుడు వస్తుంది, విడితే పోతుంది. మోక్షంలో కూడా ఉండదు. అందుకే సంస్కృత కవి శ్రీహర్షుడు నైషధకావ్యంలో, తెలివున్నవాళ్ళకి రాయి కావడమే ముక్తి అని న్యాయశాస్త్రం చెప్పిన గోతముడు పేరుకి తగ్గట్టు గో-తముడే అని ఎగతాళి చేయించాడు, ఎద్దుల్లో ఎద్దన్నమాట. మీ జిల్లావాళ్ళకి ఆ ముక్తి చీమకుర్తి గ్రానైట్ క్వారీలో రోజూ కళ్ళెదుటే కనిపిస్తుంటుంది.

ఇప్పుడు ముగ్గురినీ వరసలో నిలబెట్టి మీ అనుభవం గురించి అడుగుదాం. నైయాయికుడు: ఆత్మ ఉంది, ఎరుక లేదు, కాబట్టి ఏడు తర్వాత ఖాళీ. అద్వైతి: సాక్షి ఉంది, కానీ చూడటానికి మనోవృత్తీ లేదు, రాసుకోవడానికి మనసూ లేదు, కాబట్టి ఏడు తర్వాత ఖాళీ. మీ మనవడు: ఎవరూ లేరు, కాబట్టి ఏడు తర్వాత ఖాళీ. ముగ్గురూ ముందే చెప్పగలిగిన ఖాళీ అది. ముగ్గురికీ సమానంగా సరిపోయే సాక్ష్యం ముగ్గురిలో ఎవర్నీ ఓడించలేదు. నలభై ఏళ్ళ మననాన్ని పది మిల్లీలీటర్ల పాలు అబద్ధం చేశాయని మీరు నెలన్నరగా కుములుతున్నారు. ఆ మందుకి మిమ్మల్ని పడుకోబెట్టే శక్తి ఉంది, ఈ తీర్పు చెప్పే శక్తి లేదు.

మరి మెదడు శాస్త్రం మొత్తంగా ఎవరివైపు? మీ మనవడి పక్షానికి మన దేశంలోనే చాలా పాత పేరుంది. దేహం తప్ప వేరే ఆత్మ లేదన్న చార్వాకులు ఇచ్చిన ఉపమానం తెలుగువాళ్ళకి ఎవరూ వివరించనక్కర్లేదు. ఆకు ఎరుపు కాదు, వక్క అంత ఎరుపు కాదు, సున్నం తెలుపు. మూడూ కలిపి నమిలితే నోరు పండుతుంది. అలాగే నాలుగు భూతాలు కూడితే ఎరుక పుడుతుంది, కూర్పు విడితే పోతుంది, ఎక్కణ్ణుంచో రానక్కర్లేదు. ఎంత చక్కటి మాట! ఎరుకకి మెదడుతో ఉన్న ముడి గురించి ఇవాళ తెలిసినదంతా ఈ ఉపమానానికి అనుకూలంగానే కనిపిస్తుంది. ఒకచోట దెబ్బ తగిలితే రంగులు పోతాయి, ఇంకోచోట తగిలితే మొహాలు గుర్తుపట్టడం పోతుంది, మరోచోట తగిలితే ఎడమవైపు లోకమే పోతుంది.

కానీ తాంబూలాన్ని ఇంకాస్త నమలండి. సున్నంలోని క్షారం వక్కలోని పదార్థాల మీద పనిచేసి రంగు మారుస్తుందని రసాయన శాస్త్రం చెప్పాక, ఎరుపు ఎందుకొచ్చిందన్న ప్రశ్న ముగిసిపోతుంది. ఇంకా మిగలదు. ఎరుక విషయంలో అలా ముగియదు. ఏ కణం ఏ కణానికి ఏం చెప్పిందో పూర్తి లెక్క రాసి ఇచ్చినా, ‘సరే, ఇదంతా చీకట్లో జరిగిపోవచ్చు కదా, లోపల ఒకడికి ఏదో అనిపించడం ఎందుకు?’ అన్నది మిగిలే ఉంటుంది. పండిన నోరు ఎదుటివాడికీ కనపడుతుంది. మీ నాలుక మీద సున్నం పొక్కిన మంట మీ ఒక్కరికే. డేవిడ్ చామర్స్ అనే తత్వవేత్త 1995లో దీనికి ‘కఠిన సమస్య’ అని పేరు పెట్టాడు. అంతకుముందు 1974లో థామస్ నేగెల్ గబ్బిలాన్ని పెట్టుకుని అడిగిన ప్రశ్నా ఇదే: దాని మెదడంతా తెలిసినా, గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుందో మనకి తెలుస్తుందా?

1998లో జర్మనీలో చామర్స్‌తో మెదడు శాస్త్రవేత్త క్రిస్టాఫ్ కాఖ్ పందెం కాశాడు. ఎరుకకి మూలమైన నాడీ గుర్తు పాతికేళ్ళలో స్పష్టంగా దొరికిపోతుందని, దొరక్కపోతే ఒక పెట్టె వైన్ ఇస్తానని. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో సభ పెట్టి, ఎరుకని వివరించే రెండు పెద్ద సిద్ధాంతాలకి ఎదురెదురుగా పెట్టిన పరీక్షల ఫలితాలు చదివారు. రెండిటికీ దెబ్బలు తగిలాయి. కాఖ్ సభలోనే ఓటమి ఒప్పుకుని సీసాలు తెచ్చిచ్చాడు. ఇంకో పాతికేళ్ళకి మళ్ళీ పందెం కాశాడు కూడా. మీ మనవడు ‘అంతే’ అన్న చోట, ఆ రంగంలో తల పండినవాళ్ళు ‘ఇంతవరకే’ అంటున్నారు.

అడిగారు కాబట్టి నా అభిప్రాయం దాచను. మనసని మనం పిలిచేది, అంటే జ్ఞాపకం, ఇష్టాయిష్టాలు, పేర్లు గుర్తుండటం, ‘నేను ఫలానా మేస్టారిని’ అన్నది, ఇవన్నీ మెదడు పనే అని నాకు అనుమానం లేదు. ఆపరేషన్ గది పైకప్పు దగ్గర ఎగురుతూ చూసే ఆత్మని నేను నమ్మను. కఠిన సమస్య దగ్గర మాత్రం నేను నోరు మూసుకుంటాను. అద్వైతుల సాక్షి ఎక్కడా జాడ వదలడు కనుక ఏ ప్రయోగానికీ దొరకడు. అది ఆ సిద్ధాంతానికి కోటగోడ, అదే దాని బలహీనత కూడా. దొరకనివాణ్ణి ఉన్నాడని ఎవరూ నిరూపించలేరు, లేడనీ నిరూపించలేరు.

మీ భయం అసలు ఇదంతా కాదేమో అని నాకో అనుమానం. ‘ఎనిమిది’ ఎప్పటికీ రాకపోతే అన్నది కదూ? ఆ భయం బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్యుడి భార్య మైత్రేయికి వచ్చింది. ఉప్పుగడ్డ నీళ్ళలో వేస్తే కరిగి, ఎక్కడ రుచి చూసినా ఉప్పే కానీ పట్టుకోవడానికి గడ్డ ఉండదు, అలాగే పోయాక సంజ్ఞ, అంటే ఎరుక, ఉండదు, ‘న ప్రేత్య సంజ్ఞాస్తి’ అంటాడు యాజ్ఞవల్క్యుడు. ఆవిడ సిగ్గుపడకుండా ‘ఇక్కడే నన్ను మోహంలో పడేశావు’ అంటుంది. అప్పుడాయన ఆవిడకి సాధన చాలలేదనలేదు. రెండు ఉన్నట్టు తోచినప్పుడే ఒకటి ఇంకోదాన్ని చూస్తుంది, అంతా ఒకటైన చోట ఎవరు దేనితో ఎవర్ని చూడాలి, తెలుసుకునేవాణ్ణి దేనితో తెలుసుకోవాలి అని ఎదురడిగాడు. ‘విజ్ఞాతారమరే కేన విజానీయాత్’. అది జవాబో, ఇంకా పెద్ద ప్రశ్నో మా నాన్న కూడా తేల్చలేదు. మా ఇసకపల్లి వైపు ఉప్పు కొటార్లలో పనిచేసేవాళ్ళకి మాత్రం ఉపమానం బాగా ఎక్కుతుంది, నీళ్ళలోంచి గడ్డ మళ్ళీ తేలడం కూడా వాళ్ళు ఏటా చూస్తారు కాబట్టి.

జపం మానకండి. అయితే కొన్నాళ్ళపాటు ‘సాక్షిని’ అని తేల్చి చెప్పడం మానేసి చూడండి. ఊరికే కూర్చుని ఒకటి నుంచి లెక్కపెట్టండి. నాలుగు దగ్గర దృష్టి జారుతుంది, ఎటో పోయి తొమ్మిది దగ్గర తేలతారు. మధ్యలో ఐదు, ఆరు, ఏడు ఎవరు లెక్కపెట్టారు? నోరు లెక్కపెట్టింది, మీరు లేరు. ఏ మందూ లేకుండా రోజూ ఇలాంటి చిన్న చిన్న కత్తిరింపులు మనలో జరుగుతూనే ఉంటాయి. వాటిని దగ్గరగా చూస్తే ఆ పెద్ద కత్తిరింపు అంటే బెదురు కొంత తగ్గుతుందని నా అనుభవం. కూర్చోబుద్ధి కానినాడు కూర్చోకండి, చెరువు గట్టు మీద నాలుగడుగులు వేయండి. నెలలు గడిచినా దేని మీదా మనసు పోకపోతే, తిండి సయించకపోతే, అది వేదాంతం కాదు, దిగులు జబ్బు. దానికి డాక్టరున్నాడు.

ఇంకోసారి ఎప్పుడైనా కంటి శుక్లానికో మరొకదానికో ఆపరేషన్ అవసరమైతే, గతసారి ఇలా అయింది, తర్వాత జ్ఞాపకం మందగించింది అని మత్తు డాక్టరుకి ముందుగానే చెప్పండి. ఎక్కడికక్కడ మొద్దుబార్చి చేసే వీలుంటే అదే చేస్తారు.

మనవడితో పోట్లాట మాత్రం ఆపకండి. ఆ అబ్బాయి రేపు ఐసీయూలో నిలబడవలసినవాడు. ముగ్ధుడి మీద శంకరులు రాసిన ఆ నాలుగు పంక్తులు అర్థం చెప్పి వినిపించండి. నిద్రకీ కోమాకీ తేడా పట్టే పద్ధతి వాడి పుస్తకంలో ఏం రాసుందో చదివి వినిపించమనండి. ఆ తర్వాత, కళ్ళు తెరిచి పలకని మనిషి మంచం పక్కన నువ్వేం మాట్లాడతావురా అని అడగండి. ఏమన్నాడో నాకు రాయండి. ఉత్తరం రాసే ముందు ఆ మందుల చీటీలు తీసుకుని ఒంగోలు వెళ్ళి రండి.